చెరిగిపోయిన డివిజన్ల ఆధిక్యాలను కొత్త డివిజన్లకు అంటగట్టొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

శివారులోని 27 పురపాలక సంస్థలను కలిపి హైదరాబాద్ బల్దియా (జీహెచ్‌ఎంసీ) డివిజన్లను 150 నుంచి 300 చేసినప్పటి నుంచి సిటీ పేజీల్లో ఒక తరహా పట్టిక తరచూ కనిపిస్తోంది. మొదటి గడిలో కొత్త డివిజన్ పేరు, రెండో గడిలో 2020లో గెలిచిన పార్టీ, మూడో గడిలో ఆధిక్యం. ఆ మూడో గడిని తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం. రెండో గడి కూడా చాలా చోట్ల నిలవదు. 2020లో పోటీ జరిగిన డివిజన్ ఇప్పుడు లేదు. పేరు మిగిలింది, సరిహద్దు గీత మారింది. పాత గీత లోపల పడిన ఓట్లను తెచ్చి కొత్త గీతలో పోయడం ఎందుకు కుదరదో, ఏం చేస్తే ఎంతవరకు కుదురుతుందో, ఓటర్ల జాబితాలూ ఫలితాల కాగితాలూ ముందేసుకుని లెక్కలు కట్టేవాళ్లంగా కాస్త వివరంగానే రాస్తున్నాం.

మన నగరంలో డివిజన్ల చరిత్ర అడుగడుగునా తెగిన దారం. 1951లో మాడపాటి హనుమంతరావు మేయర్ అయ్యారు. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్ కూడా కలిసింది. 1970 నుంచి 1986 దాకా ఎన్నికైన పాలకమండలే లేదు. 1991లో గడువు తీరాక మళ్లీ 2002 దాకా ప్రత్యేకాధికారుల పాలనే. 2002లో 100 డివిజన్లకు ఎన్నికలు జరిగినప్పుడు ప్రతి ఓటరూ రెండు ఓట్లు వేశాడు, ఒకటి కార్పొరేటర్‌కు, రెండోది నేరుగా మేయర్‌కు. తెదేపా తరఫున తీగల కృష్ణారెడ్డి అలా నేరుగా ఎన్నికైన మేయర్. 2007 ఏప్రిల్ 16న చుట్టూ ఉన్న ఎల్‌బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కాప్రా, అల్వాల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి వంటి 12 మున్సిపాలిటీలు కలిశాక 172 చదరపు కిలోమీటర్ల నగరం 625కు పెరిగింది. పాత వంద గీతలూ చెరిపేసి కొత్తగా 150 గీశారు. 2009 నవంబరు 23న వాటికి పోలింగ్ జరిగింది. కాంగ్రెస్ 52, తెదేపా 45, మజ్లిస్ 43, భాజపా 5, స్వతంత్రులు 3, ప్రజారాజ్యం 1, ఎంబీటీ (మజ్లిస్ బచావో తెహ్రీక్) 1. ఎవరికీ సొంత బలం లేకపోవడంతో కాంగ్రెస్, మజ్లిస్ పదవులు పంచుకున్నాయి. తార్నాక నుంచి గెలిచిన బండ కార్తీకరెడ్డి, ఆ తర్వాత అహ్మద్‌నగర్ నుంచి గెలిచిన మాజిద్ హుస్సేన్ మేయర్లయ్యారు.

ఎక్కువ మంది పొరబడేది ఆ తర్వాతి మలుపు దగ్గర. 2016 ఫిబ్రవరి 2 పోలింగ్‌కు ముందు డివిజన్లను మరోసారి గీశారు. సంఖ్య 150 దగ్గరే ఆగింది కాబట్టి అవే డివిజన్లనుకుంటారు. కావు. 2011 జనగణన ప్రకారం ఉన్న 67 లక్షల పైచిలుకు జనాభాను 150కి పంచితే సగటున ఒక్కో డివిజన్‌కు 45 వేల మంది దాకా వస్తారు. నిబంధన ప్రకారం పది శాతం అటూఇటూ ఉండొచ్చు, అంటే సుమారు 40 వేల నుంచి 49 వేల దాకా. ఆ హద్దులో ఇమడడం కోసం బస్తీలూ కాలనీలూ ఒక డివిజన్ నుంచి పక్క డివిజన్‌లోకి పోయాయి. అందుకే తార్నాకకు 2009లో వచ్చిన ఫలితాన్నీ 2016 ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి ఫలానా పార్టీ ఓట్లు ఇన్ని శాతం తగ్గాయని రాయాలంటే ముందు రెండు సరిహద్దు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ పాతికేళ్లలో నిస్సందేహంగా పోల్చదగ్గ జంట ఒక్కటే, 2016, 2020. గీతలు అవే. చట్టానికి 2020 అక్టోబరులో చేసిన సవరణ వల్ల రిజర్వేషన్లు కూడా అవే. ఎస్టీలకు 2, ఎస్సీలకు 10, బీసీలకు 50, జనరల్ మహిళలకు 44, ఎవరైనా పోటీ చేయగలిగినవి 44. రిజర్వుడు స్థానాల్లోని మహిళల కోటా కూడా కలిపితే సగం, అంటే 75 మహిళలవి. 2016లో తెరాస 99, మజ్లిస్ 44, భాజపా 4, కాంగ్రెస్ 2, తెదేపా 1. 2020లో తెరాస 56, భాజపా 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. ఈ రెండింటి మధ్య ఫలానా డివిజన్ చేతులు మారిందని ధైర్యంగా రాయొచ్చు. 2009ని 2016తో గానీ, 2020ని ఇప్పటి గీతలతో గానీ అలా పోల్చలేం.

పేర్లు తెచ్చే చిక్కు ఇంకొకటి. ఉప్పల్, మల్కాజిగిరి, ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, గోషామహల్ ఇవన్నీ డివిజన్ల పేర్లూ, అసెంబ్లీ నియోజకవర్గాల పేర్లూ కూడా. వీటిలో జూబ్లీహిల్స్‌ది పెద్ద చిక్కు. 2020 నాటి జూబ్లీహిల్స్ డివిజన్ జూబ్లీహిల్స్ అసెంబ్లీ నియోజకవర్గంలో లేనే లేదు, ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉంది. జూబ్లీహిల్స్ నియోజకవర్గం అంటే యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, వెంగళరావునగర్, షేక్‌పేట వైపు. 2020లో జూబ్లీహిల్స్ డివిజన్ భాజపాది. 2025 నవంబరు 11 ఉపఎన్నికలో జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో గెలిచింది కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్. ఈ రెండింటినీ ఒక వాక్యంలో పెట్టి 'జూబ్లీహిల్స్‌లో గాలి మారింది' అని రాస్తే, ఒక చోటి ఓటర్ల తీర్పును వేరే చోటి ఓటర్ల తీర్పుకు కొనసాగింపుగా చూపించినట్టు అవుతుంది. ఇక్కడ పట్టిక తయారుచేసేవారి కష్టం తక్కువేమీ కాదని తెలుసు, కానీ ఈ ఒక్క పొరపాటు చాలు, మిగతా పట్టికంతా నమ్మకం కోల్పోవడానికి.

ఇక అసలు విషయం. 2020 ఓట్లను డివిజన్ కన్నా చిన్న ముక్కలుగా విడదీయలేం. కరోనా కారణంగా ఆ ఎన్నిక బ్యాలెట్ పత్రాలతో జరిగింది. లెక్కింపు రోజు ముందుగా ప్రతి పోలింగ్ కేంద్రం పెట్టె తెరిచి, అందులోని బ్యాలెట్లు ఆ కేంద్రంలో పోలైన సంఖ్యతో సరిపోయాయో లేదో చూసి, 25 చొప్పున కట్టలు కట్టారు. ఈ దశలో ఎవరికెన్ని అన్నది లెక్కించరు, ఎన్ని పత్రాలున్నాయన్నదే లెక్క. తర్వాత డివిజన్‌లోని అన్ని కేంద్రాల కట్టలనూ కలిపేశారు. ఆ కలిపిన కుప్ప నుంచి టేబుల్‌కు 40 కట్టలు, అంటే వెయ్యి ఓట్ల చొప్పున ఇచ్చి రౌండ్లు నడిపారు. కాబట్టి మొదటి రౌండ్ అంటే మొదటి వీధి కాదు, మూడో రౌండ్ అంటే మూడో కాలనీ కాదు. ఏ బస్తీ ఎటు మొగ్గిందో బయటపడకుండా ఉండాలనే ఉద్దేశంతో చేసే పని అది, మంచిదే. కానీ ఆ కలపడంతో పోలింగ్ కేంద్రం వారీ ఫలితం అనేదే పుట్టలేదు. పుట్టని లెక్కను ఎవరూ ఇవ్వలేరు. 'కొత్త డివిజన్ పరిధిలో 2020లో ఫలానా పార్టీకి ఇన్ని ఓట్లు' అని ఎవరైనా అంకెతో సహా చెబితే అది అంచనా మాత్రమే. అప్పట్లో ఏజెంట్లు రాసుకున్న చీటీలు ఆధారం అంటారు కొందరు. కలిపేశాక రాసుకున్న చీటీకి వీధి తెలియదు.

ఆధిక్యం గడి ఎందుకు అంత ప్రమాదమో నేరేడ్‌మెట్ చూపిస్తుంది. 2020లో అక్కడ లెక్కింపు ఆగేసరికి తెరాస అభ్యర్థి 504 ఓట్ల ముందంజలో ఉన్నారు. ఓటు వేయడానికి వాడే స్వస్తిక్ ముద్ర కాకుండా వేరే ముద్ర పడిన బ్యాలెట్లు 544. కొన్ని పోలింగ్ కేంద్రాల్లో సిబ్బంది స్వస్తిక్ ముద్ర బదులు కేంద్రాన్ని గుర్తించడానికి వాడే రబ్బరు ముద్రను ఓటరు చేతికివ్వడం వల్ల వచ్చిన తంటా అది, ఓటరు తప్పు కాదు. వాటిని లెక్కించవచ్చని లెక్కింపు ముందు రాత్రి రాష్ట్ర ఎన్నికల సంఘం చెప్పింది, హైకోర్టు తాత్కాలికంగా ఆపింది. వివాదంలో ఉన్న పత్రాలు ఆధిక్యం కన్నా ఎక్కువ కాబట్టి ఫలితం ప్రకటించలేదు. కోర్టు అడ్డు తొలగాక డిసెంబరు 9న లెక్కిస్తే ఆధిక్యం 782 అయింది. అందుకే తెరాస మొత్తాన్ని కొన్ని పట్టికలు 55 అంటాయి, కొన్ని 56 అంటాయి. డిసెంబరు 4 నాటి పట్టికను మక్కీకి మక్కీ ఎత్తి రాసినవే 55 అంటాయి.

ఇప్పుడు ఆ 782ను పోలింగ్ కేంద్రాల కొలతతో చూడండి. ఆ ఎన్నికలో నగరమంతటా 9,101 పోలింగ్ కేంద్రాలు, 74 లక్షల పైచిలుకు ఓటర్లు, పోలింగ్ 46.55 శాతం. అంటే ఒక్కో కేంద్రానికి సగటున 810 మందికి పైగా ఓటర్లు, వారిలో ఓటేసినవారు సుమారు 380. నేరేడ్‌మెట్ ఆధిక్యం మొత్తం కలిపి రెండు కేంద్రాల్లో పోలైన ఓట్లకు సమానం. గీత జరిగినప్పుడు పక్కకు పోయేది రెండు కేంద్రాలు కాదు, పది, ఇరవై, ఒక్కోసారి సగం డివిజన్. అలాంటప్పుడు వందల్లో ఉన్న ఆధిక్యాన్ని కొత్త డివిజన్ నెత్తిన పెట్టి 'ఇక్కడ గట్టి పోటీ', 'ఇక్కడ ఏకపక్షం' అనడానికి ఆధారమే లేదు.

పాత మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన సీపీఎం గుర్తు అచ్చయినందుకు మొత్తం డివిజన్‌కు డిసెంబరు 3న రీపోలింగ్ జరిగింది. ఆ డివిజన్ పోలింగ్ శాతాన్ని నగర సగటుతో పోల్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లింగోజిగూడలో 2020లో గెలిచిన భాజపా అభ్యర్థి ఆకుల రమేశ్ గౌడ్ ప్రమాణం చేయకముందే మరణించారు. 2021 ఏప్రిల్ 30 ఉపఎన్నికలో అది కాంగ్రెస్‌కు వెళ్లింది. ఆ డివిజన్‌కు 'చివరి ఫలితం' 2021దే, 2020ది కాదు. మీ పట్టికల్లో ఉపఎన్నికలకు చోటే ఉండడం లేదు.

2016 సంగతి వేరు. ఆ ఎన్నిక ఈవీఎంలతో జరిగింది. కంట్రోల్ యూనిట్ ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఒక్కో మొత్తం చూపిస్తుంది, దాన్ని కేంద్రం వారీగా రాసుకుంటారు. కాబట్టి 2016 ఓట్లను కొంతవరకు కొత్త గీతల్లోకి తీసుకురావచ్చు. అప్పటి ఓటర్ల జాబితా కావాలి, కేంద్రం వారీ ఫలితం కావాలి, ఓపిక కావాలి. అది పదేళ్ల నాటి మాట అని మాత్రం పక్కనే రాయాలి.

అసెంబ్లీ ఎన్నికల ఫారం-20లో పోలింగ్ కేంద్రం వారీ లెక్క ఉంటుంది కదా, దాన్ని కొత్త డివిజన్లకు పంచేస్తే సరిపోతుందని కొందరి వాదన. గణితం కుదురుతుంది, అర్థం కుదరదు. గ్రేటర్ పరిధిలోని 24 నియోజకవర్గాల్లో 2018లో భాజపా గెలిచింది ఒక్క గోషామహల్. రెండేళ్లకు అదే నగరంలో 48 డివిజన్లు గెలిచింది. 2023లో మళ్లీ ఒక్క గోషామహలే. కార్పొరేటర్‌కు ఓటేసే చేయి, ఎమ్మెల్యేకు ఓటేసే చేయి ఒకటే అయినా అక్కడ చూసేది వేరు, ఇక్కడ చూసేది వేరు. ఫారం-20 అంకెలు వేయదలిస్తే అవి అసెంబ్లీ ఓట్లని అదే గడిలో స్పష్టంగా అచ్చువేయాలి.

మరి కొత్త డివిజన్ గురించి పాఠకుడికి నిజంగా ఏం చెప్పొచ్చు? దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పొచ్చు. అందులోని ఓటర్లు ఏ ఏ పాత డివిజన్ల నుంచి ఎంతెంత మంది వచ్చారో చెప్పొచ్చు. దీనికి ఓట్లు అక్కర్లేదు, ఓటర్ల జాబితా చాలు.

పని ఇలా సాగుతుంది. ముందు పాత డివిజన్ సరిహద్దు ఉత్తర్వు తీసుకోవాలి. అందులో పటం కన్నా మాటలే ముఖ్యం, ఉత్తరాన ఫలానా రోడ్డు వెంబడి, తూర్పున ఫలానా నాలా దాకా, ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు అని ఉంటుంది. తర్వాత 2020 పోలింగ్ కేంద్రాల వారీ ఓటర్ల జాబితాలు తీసుకుని ప్రతి కేంద్రంలో ఇంటి నంబర్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో రాసుకోవాలి. ఆ నంబర్లలో ప్రతిదీ కొత్త ఉత్తర్వులో ఏ డివిజన్ కిందికి పోయిందో పక్కన రాయాలి. చివరగా కూడాలి. ఊహగా ఒక లెక్క అనుకుందాం. కొత్త డివిజన్‌లో 32,000 మంది ఓటర్లు. వారిలో 20,000 మంది ఒక పాత డివిజన్ నుంచి, 9,000 ఇంకోదాని నుంచి, 3,000 మూడోదాని నుంచి వచ్చారు. అప్పుడు 'ఓటర్లలో 62 శాతానికి పైగా పాత ఫలానా డివిజన్ వారు, అక్కడ 2020లో గెలిచింది ఫలానా పార్టీ' అని రాయొచ్చు. అంతకు మించి రాయకూడదు. ఆ 20,000 మంది అదే పార్టీకి వేశారని కాదు, వారున్న పెద్ద డివిజన్ అలా తీర్పిచ్చిందని మాత్రమే.

ఈ పనిలో పట్టుకోవాల్సిన దారం ఇంటి నంబరే. పాత ఎంసీహెచ్ (2007కు ముందున్న హైదరాబాద్ కార్పొరేషన్) ప్రాంతంలో నంబరుకు మూడు భాగాలుంటాయి. 3-6 అంటే హిమాయత్‌నగర్ వైపు, 6-3 అంటే సోమాజిగూడ, పంజాగుట్ట, 8-2 అంటే బంజారాహిల్స్. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు. ఈ వార్డుకూ ఎన్నికల డివిజన్‌కూ సంబంధం లేదు, 3తో మొదలయ్యే ఇల్లు మూడో డివిజన్‌లో ఉందనుకోవడం చాలామంది చేసే తప్పు. సంబంధం లేకపోవడమే ఇక్కడ మనకు మేలు. డివిజన్లు ఎన్నిసార్లు గీసినా గోడ మీది నంబరు మారలేదు కాబట్టి దాన్ని పట్టుకుని ఏ ఎన్నికకైనా వెళ్లొచ్చు. శివారులో ఈ సుఖం లేదు. అక్కడ పాత గ్రామపంచాయతీ నాటి నంబరు, మున్సిపాలిటీ నాటి నంబరు, ప్లాటు నంబరు కలగలిసి ఉంటాయి. ఒకే నంబరు రెండు కాలనీల్లో కనిపిస్తుంది, కాలనీ పేరు కూడా చూడనిదే నమ్మకూడదు.

తప్పులు దొర్లేది ఎక్కువగా గీత పక్కనే. రోడ్డును హద్దుగా చెప్పినప్పుడు రోడ్డుకు ఏ వైపు ఇళ్లు ఎటు అన్నది చూడకుండా రెండు వైపులా ఒక డివిజన్‌లో వేసేస్తారు. ఉత్తర్వులో నాలా అని ఉంటుంది, ఆ నాలా మీద స్లాబు వేసి ఇప్పుడు రోడ్డయిపోయి ఉంటుంది. పాత పెంకుటింటి నంబరుకు బై వేసుకుంటూ పోయి ఒకే నంబరు కింద అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ వచ్చి ఉంటుంది, పాత జాబితాలో అయిదుగురు ఓటర్లున్న చోట ఇప్పుడు ఎనభై మంది. అసెంబ్లీ జాబితా నుంచి డివిజన్ జాబితా తయారుచేసేటప్పుడు ఒకే అపార్ట్‌మెంట్‌లో కొన్ని ఫ్లాట్లు ఒక డివిజన్‌లోకి, మిగతావి పక్క డివిజన్‌లోకి పడడం కూడా జరుగుతుంది. ఒక్కో గీత దగ్గర ఇలాంటివి రెండు మూడు వందల ఓట్లు తేడా తెస్తాయి. అందుకే శాతాలను దశాంశాలతో రాయకుండా దగ్గరి అంకెకు సరిచేసి రాయడమే నిజాయతీ.

కొత్తగా కలిసిన బోడుప్పల్, పీర్జాదిగూడ, నిజాంపేట, బండ్లగూడ జాగీర్, మీర్‌పేట, బడంగ్‌పేట, జవహర్‌నగర్ వంటి చోట్ల వేరే వెసులుబాటు ఉంది. అక్కడ 2020 జనవరిలో బ్యాలెట్ పత్రాలతోనే ఎన్నికలు జరిగాయి, కానీ వార్డులు చిన్నవి. అలాంటి ఒక వార్డు మొత్తంగా ఒకే కొత్త డివిజన్‌లోకి వస్తే, వార్డు ఫలితాన్నే ఇటుకలా వాడి నాలుగైదు వార్డులు కూడొచ్చు. వార్డు మధ్యగా గీత పోతే ఆ వార్డును కూడకూడదు, విడిగా చూపించాలి.

పట్టిక వేసేటప్పుడు పార్టీ పేరు ఆనాటిదే వేయండి. 2020లో పోటీ చేసింది తెరాస, భారాస అన్న పేరు 2022 డిసెంబరు నుంచి. గెలిచాక పార్టీ మారిన కార్పొరేటర్లకు 'గెలిచినప్పుడు', 'గడువు ముగిసేనాటికి' అని రెండు గడులు కావాలి. ఓట్ల శాతం ఇస్తే దేనిలో శాతమో చెప్పండి. 2020లో చెల్లని బ్యాలెట్లున్నాయి, ఈవీఎంలతో జరిగిన 2016లో ఆ గొడవ లేదు. పోలైన ఓట్లలో శాతం, చెల్లిన ఓట్లలో శాతం కలిపేస్తే లేని హెచ్చుతగ్గులు కనిపిస్తాయి.

మీ పత్రికకు ప్రతి కాలనీలో విలేకరులు, భద్రపరిచిన పాత సంచికలు ఉన్నాయి. 2002, 2009, 2016 ఎన్నికలప్పుడు మీరు అచ్చువేసిన డివిజన్ల వారీ ఫలితాలు, సరిహద్దు వివరాలు ఒకచోట చేర్చి, కొత్త 300 డివిజన్లలో ప్రతిదానికీ ఏ పాత డివిజన్ నుంచి ఎంత శాతం ఓటర్లు వచ్చారో ఒక అనుబంధంగా ఇవ్వాలని మా విన్నపం. అధికారుల దగ్గర బ్యాలెట్లు, కవర్లు గడువు తీరాక ధ్వంసం చేస్తారు, అది నియమం. 2020 పోలింగ్ కేంద్రాల జాబితా, వాటి ఇంటి నంబర్ల హద్దులు మాత్రం ధ్వంసం చేయాల్సిన కాగితాలు కావు. కొత్త జాబితాలు వెబ్‌సైట్‌లో పెట్టినప్పుడు పాతవి తీసేయకుండా '2020' అన్న పేరుతో పక్కనే ఉంచాలని మీ పత్రిక ద్వారా రాష్ట్ర ఎన్నికల సంఘాన్నీ, జీహెచ్‌ఎంసీ ఎన్నికల విభాగాన్నీ కోరుతున్నాం. ఆ అనుబంధం తయారయ్యే దాకా ఆధిక్యం గడిని ఖాళీగా వదిలి, కింద 'సరిహద్దులు మారాయి' అని ఒక్క వరస వేయండి.

ఇట్లు
ఓటర్ల జాబితాలు పరిశీలించే కొందరు పాఠకులు,
హైదరాబాద్